పన్నెండు అంకెలకు చోటు

మా పక్కింటివాళ్లు పొద్దున ఎనిమిదింటికి బోరు మోటారు వేస్తారు. వేయగానే మా ముందరి గదిలో బల్బు వెలుతురు కొంచెం తగ్గుతుంది. ఆరిపోదు. కాస్త మసకబారి, మోటారు ఆగేదాకా అట్లాగే ఉండి, మళ్లీ తేటపడుతుంది. ఆ గదికి కిటికీ లేదు కాబట్టి పగలు కూడా బల్బు కిందే పని. ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే నాకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. ఆకు అంచు కనిపించదు, చేయి ఆగుతుంది. తడిపిన తునికాకు వాసన మాత్రం గదినిండా ఉంటుంది. ఆ వాసనలో, ఆ తగ్గిన వెలుతురులో నాకు ప్రమీల టీచరమ్మ గుర్తుకొస్తుంది. ఆమె పోయి మూడేండ్లు దాటింది. ఆమె గురించి రాయాలని చాలాసార్లు కూర్చుని లేచిపోయాను. యాభై దాటిన తర్వాత నాకు అక్షరాలు నేర్పింది ఆమె. ఆ అక్షరాలతోనే నేను ఆమెకు చేసిన అన్యాయం రాయాలంటే చేయి రాలేదు.

టీచరమ్మ బాన్సువాడలోనే ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. పెండ్లి చేసుకోలేదు. సొంతూరు కోటగిరి పక్కన. అక్కడ తమ్ముడు వరి చేసుకుంటాడు. బడి క్వార్టరు ఖాళీ చేసి మా ఇంటి వెనక రెండు గదులు కిరాయికి తీసుకుంది. నా భర్త పోయి అప్పటికి చాలా కాలం. బిడ్డను పెద్ద కొడప్‌గల్‌లో ఇచ్చాను. ఇంట్లో నేనొక్కదాన్నే. సామాను దిగిన రోజు మా వాడకట్టు ఆడవాళ్లంతా చూడటానికి వచ్చారు. రెండు ట్రంకు పెట్టెల నిండా పుస్తకాలు, ఒక కంప్యూటరు, ఒక మంచం, నాలుగు గిన్నెలు. నాతోపాటు బీడీలు చేసే సాయవ్వ ముక్కు మీద వేలేసుకుని, "గింత నౌకరి చేసి గిన్ని గిన్నెలేనా? ఈమె కాగితాలు వండుకోని తింటదా ఏంది," అంది. టీచరమ్మ విన్నది. "కాగితాలైతే ఉప్పెక్కువైందని ఎవ్వరు అనరు సాయవ్వా," అని నవ్వింది. అప్పటినుంచి సాయవ్వ ఆమె ముందు కొంచెం తగ్గి మాట్లాడేది.

ఆమె పొద్దంతా కంప్యూటరు ముందు కూర్చుని ఏం చేస్తుందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఒకరోజు చాయ్ తీసుకుపోతే తెర మీద చీమల బారులాగా చుక్కలున్నాయి. అదేమిటని అడుగుదామనుకునేలోపు పక్కింటి మోటారు నడిచి, ఆమె గదిలో కూడా బల్బు మసకబారింది. "మల్ల వేసిండ్రు మోటారు," అని నేను విసుక్కున్నాను.

"మోటారు నువ్వు చూసినవా?" అని అడిగింది.

"చూసుడెందుకు టీచరమ్మా. వెలుతురు తగ్గింది గద."

"నేను చేసేది గదే పని గంగామణి. గంతే."

కుర్చీ చూపించి కూర్చోబెట్టి చెప్పింది. ఆకాశంలో ఒక దుర్భిణిని తిప్పుతున్నారట. అది లక్షల చుక్కల వైపు చూస్తూ, ఏ చుక్క ఎంత వెలుగుతోందో అరగంటకోసారి అంకె పంపిస్తుందట. మన భూమి సూర్యుడి చుట్టూ తిరిగినట్టు ఏ చుక్క చుట్టూ అయినా ఒక గ్రహం తిరుగుతుంటే, అది చుక్కకు అడ్డం వచ్చిన కొన్ని గంటలు వెలుతురు కొంచెం తగ్గుతుంది. గ్రహం ఎవరికీ కనబడదు. తగ్గిన వెలుతురే కనబడుతుంది. అన్ని చుక్కల అంకెలు చూడటానికి ఆ దుర్భిణివాళ్లకు మనుషులు చాలరు. అందుకని ఆ అంకెలను అందరూ చూడటానికి ఇంటర్నెట్లో పెట్టారు; ఓపిక ఉన్నవాళ్లు ఎక్కడినుంచైనా చూసి, ఏమైనా దొరికితే వాళ్లకు రాయవచ్చు. "నాకు ఓపిక తప్ప ఏముంది," అంది. అక్షరం ముక్క రాని నాకు ఆ విషయం ఒక్క బల్బుతో అర్థమైంది. బడిలో ఆమె దగ్గర చదివిన పిల్లల మీద నాకు ఆ రోజు అసూయ కలిగింది.

చదువు నేర్పమని నేను అడగలేదు. అడగడానికి సిగ్గు. పింఛను కాగితం మీద నేను వేలిముద్ర వేసి, నల్లబడిన బొటనవేలు చీరకు తుడుచుకుంటుంటే ఆమె చూసింది. మరునాడు నా పక్కన చాప మీద కూర్చుని, చాటలోని బీడీ దారం తీసి, ఆకు మీద వంపు తిప్పి పెట్టింది. "గిది నీ పేరుల మొదటి అక్షరం. గ." దారం కదిలిస్తే అక్షరం చెదిరిపోయేది. మళ్లీ నేనే వంచాలి. పలకా బలపమూ అంటే భయపడేదాన్నేమో. దారమంటే నాకేం భయం. నాలుగు నెలల్లో అక్షరాలన్నీ దారంతోనే నేర్చుకున్నాను. తర్వాతే పెన్ను చేతికిచ్చింది. అంకెలు మాత్రం ఆమె చూసే ఒక చుక్క నంబరుతో నేర్చుకున్నాను. ఆ చుక్కకు పేరు లేదు, పొడుగాటి నంబరే ఉంది. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

సాయవ్వ ఊరుకోలేదు. "ఇగ బ్యాగు, యూనిఫారం కూడ కుట్టియ్యాల్నా అక్కా? జడల రిబ్బన్లు నేను తెస్త తియ్," అనేది. నేను తలొంచుకునేదాన్ని. టీచరమ్మ మాత్రం, "రిబ్బన్లు రెండు జతలు తే సాయవ్వా. నువ్వు కూడ కూసుందువు," అనేది. సాయవ్వ కూర్చోలేదు, రిబ్బన్లూ తేలేదు. కానీ నేను మొదటిసారి సంతకం పెట్టిన రోజు ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది.

నేను నంబరు నేర్చుకున్న ఆ చుక్కే టీచరమ్మ చుక్క. దాని వెలుతురు ఒకసారి ఆరు గంటలపాటు తగ్గడం ఆమె పట్టుకుంది. ఏడు నెలల తర్వాతి అంకెల్లో మళ్లీ అంతే తగ్గింది, మళ్లీ ఆరు గంటలే. ఆ రెండింటినీ కాగితం మీద చుక్కలు పెట్టి నాకు చూపించింది. చక్కగా పోతున్న చుక్కల బారు ఒకచోట గుంతలో దిగి మళ్లీ పైకి ఎక్కింది. ఆమె దుర్భిణివాళ్లకు రాసింది. వాళ్లు జాబితాలో చేర్చారు. పక్కన, నిర్ధారణ కాలేదు అని ఉంటుందని చదివి చెప్పింది. రెండుసార్లు తగ్గడం ఏదైనా పొరపాటు వల్ల కావచ్చు. సరిగ్గా ఏడు నెలలకు మూడోసారి కూడా తగ్గితే అప్పుడు పెద్ద దుర్భిణులవాళ్లు దాని వైపు చూస్తారు. అక్కడినుంచి వెలుతురు మన దగ్గరికి రావడానికి వందల ఏండ్లు పడుతుందని కూడా చెప్పింది. ఆ మూడోసారి అడ్డం రావడం మా నాయనమ్మకు నాయనమ్మ పుట్టకముందే జరిగిపోయిందట. దారిలో ఉందట. మనం కనిపెట్టుకుని ఉండాలట.

ఈ సంగతి ఊళ్లో ఎట్లానో తెలిసింది. ఒకసారి ఆమెతో కూరగాయల అంగడికి పోయాను. ఆమెతో పనిచేసిన సారు ఒకాయన స్కూటరు ఆపి, "మేడం, గ్రహం దొరికిందట గద. ప్లాట్లు ఎప్పుడు కొడ్తరు? నాకు ఈస్ట్ ఫేసింగ్ ఒకటి రాసిపెట్టుండ్రి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వి, "ముందుగాల ఉందో లేదో తేలనియ్యి సార్," అంది. ఇంటికి వచ్చాక వంకాయలు కడుగుతూ అంది, "ముప్పై ఏండ్లు పుస్తకంల ఉన్నదే చెప్పిన గంగామణి. పుస్తకంల లేనిది ఒక్కటన్న నేను చూసినట్టు తేలితే చాలు. నా పేరు కూడ అవసరం లేదు. ఉన్నది అని ఎవరన్న అంటే చాలు." అంతకు మించి ఆమె ఏదీ కోరుకోగా నేను వినలేదు.

ఆమెకు షుగరు ఉండేది. ముందు కండ్లు దెబ్బతిన్నాయి, తర్వాత కిడ్నీలు. వారానికి మూడుసార్లు దవాఖానలో రక్తం శుభ్రం చేసే మిషను పక్కన పడుకోవాలి. షేర్ ఆటోలో నేనే తీసుకుపోయేదాన్ని. తెర మీద అంకెలు ఆమెకు అలుక్కుపోయి కనబడేవి. అప్పుడు ఆ పని నాకు నేర్పింది. ఏది నొక్కితే ఏది తెరుచుకుంటుందో రంగు దారాలు కట్టి గుర్తులు పెట్టింది. తెర మీది అంకెలను నోటుబుక్కులో వరుసగా ఎక్కించి, దవాఖానలో మంచం పక్కన కూర్చుని చదివి వినిపించడం నా పని. గంటలు రాయనక్కరలేదు, వరుస తప్పకుంటే చాలంది. చుక్క మామూలుగా వెలిగినప్పుడు అంకె పదివేలు వచ్చేటట్టు లెక్క కట్టిపెట్టింది. నాలుగైదు అటు ఇటు.

నేర్పేటప్పుడు ఒక మాట చెప్పింది. దుర్భిణి అప్పుడప్పుడు కదులుతుంది, కదిలినప్పుడు వచ్చిన అంకెలు చెడ్డవి, వాటిని ఎక్కించొద్దు అని. ముఖం తెరకు ఆనించి వెతికి నాలుగింటిని చూపించింది. ఆ నాలుగూ చిన్న అంకెలే. వాటి పక్కన ఒక గుర్తు ఉంటుందని, దాన్ని చూసి తీసేయాలని ఆమె చెప్పే ఉంటుంది. నాకు గుర్తు లేదు. నేను చూసింది అంకెల సన్నదనమే.

బీడీల పని తెలియనివాళ్లకు ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కట్టకు ఇరవై అయిదు బీడీలు. కార్ఖానాలో చెకింగ్ చేసే మనిషి కట్టను చేతిలో పట్టి ఒత్తుతాడు. ఒక్క సన్న బీడీ తగిలినా కట్ట విప్పి ముందర కుప్ప పోస్తాడు, నలుగురిలో మాటంటాడు. అందుకని మేము ఇంటి దగ్గరే సన్నవి ఏరేస్తాం. మా అమ్మ నాకు చుట్టడం కన్నా ముందు ఏరడం నేర్పింది. పదేండ్ల వయసు నుంచి నా వేళ్లు చేసిన పని అది. గౌరవించే మనిషి చేతికి ఇచ్చే కట్టలో సన్నది ఉండకూడదు.

మూడోసారికి కట్టిన లెక్క ప్రకారం ఐదు రోజుల అంకెలు చూడాలి. అరగంటకొకటి చొప్పున రెండు వందల నలభై. అవి కంప్యూటరులోకి వచ్చిన రోజు టీచరమ్మ అన్నం తినలేదు. "నిదానంగ ఎక్కించు. తొందర లేదు," అంది. ఆమె చేతులు మాత్రం ఒళ్లో ఊరికే ఉండలేదు. మూడు మధ్యాహ్నాలు కూర్చుని ఎక్కించాను. మూడో రోజుది ఎక్కిస్తుండగా అంకెలు సన్నబడ్డాయి. తొమ్మిదివేల తొమ్మిది వందల అరవై. తర్వాత అదే తొమ్మిదివేల తొమ్మిది వందల మీద నలభై. తర్వాత పదహారు, పదిహేడు, పదిహేను. వరుసగా పన్నెండు. ఇన్ని చెడ్డవి ఒక్కచోట ఎప్పుడూ రాలేదు. నేనే తప్పు చదువుతున్నానేమో అనుకున్నాను. ముసలితనంలో చదువు నేర్చుకున్నదాన్ని. ఆమె వింటే, గంగామణికి ఇంకా అంకెలు రావని అనుకుంటుందేమోనని భయం వేసింది. గుంత బొమ్మను నేను చూశాను. కానీ అది ఇట్లాంటి అంకెలతోనే తయారవుతుందని నాకు తట్టలేదు. నాకు బొమ్మ వేరు, అంకెలు వేరు. ఆ పన్నెండింటినీ ఏరేశాను. మంచి అంకె పక్కన మంచి అంకె వచ్చేటట్టు వరుస కలిపాను.

మరునాడు దవాఖానలో చదివాను. టీచరమ్మ కండ్లు మూసుకుని విన్నది. మిషను చప్పుడుకు మించి గొంతు పెంచి చదివాను. తడబడలేదు. రెండో రోజు అంకెలు అయిపోగానే ఆమె దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది. మూడో రోజు, నాలుగో రోజు, ఐదో రోజు. అయిపోయింది.

"తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై కన్న తక్కువ ఏమన్న ఉన్నయా గంగామణి?"

"లేవు టీచరమ్మా. అన్ని మంచిగున్నయి. ఒక్కటి కూడ సన్నగ లేదు."

గర్వంగా చెప్పాను. ఆ గర్వమే ఇప్పుడు నన్ను తింటోంది. నర్సు వచ్చి పైపు సరిచేసి పోయింది. తర్వాత టీచరమ్మ నా చేతి మీద చేయి వేసి, "మంచిగ సదివినవ్. ఒక్క అంకె కాడ కూడ ఆగలె," అంది.

వారం తర్వాత దుర్భిణివాళ్లకు ఉత్తరం రాయించింది. నేను తెలుగులో రాసుకున్నాను, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి చెబుతుంటే కంప్యూటరులో కొట్టాను. మూడోసారి వెలుతురు తగ్గలేదని, ముందటి రెండూ తన పొరపాటని, తన మాట వెనక్కి తీసుకుంటున్నానని. "పొరపాటు అని రాయాల్నా టీచరమ్మా?" అని అడిగాను. "లేనిదాన్ని ఉందన్న గద. ఏమంటరు మరి దాన్ని," అంది. తెలుగులో రాసుకున్న కాగితాన్ని కండ్ల దగ్గర పెట్టుకుని, నా గ అక్షరం దారం పెట్టినట్టే ఉందని మెచ్చుకుంది.

ఆ తర్వాత ఆమె అంకెలు అడగలేదు. కంప్యూటరు మీద తువ్వాల కప్పించింది. దవాఖానకు పోవాల్సిన రోజున, "ఇయ్యాల ఒద్దు తియ్ గంగామణి, రేపు పోదాం," అనేది. బతిమిలాడితే వచ్చేది. ఒకనాడు ఆటోలో ఉన్నట్టుండి, "గా స్కూటర్ సార్ కనబడ్తె చెప్పు, ప్లాట్లు క్యాన్సల్ అయినయని," అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. వానకాలం మధ్యలో పోయింది. తమ్ముడు వచ్చి కోటగిరికి తీసుకుపోయాడు. పుస్తకాలు బడికి ఇచ్చి, కంప్యూటరు నాకు వదిలేశాడు. "అక్క నీ పేరే చెప్పింది," అన్నాడు.

ఏడాది దాకా దాని మీద తువ్వాల తీయలేదు. ఆమె పోయిన తిథి నాడు ఏదో ఒకటి ఆమె నేర్పింది చేయాలనిపించి గళ్ల కాగితం తీశాను. అంకెను చూసి చుక్క పెట్టడం ఆమె చివరి రోజుల్లో నేర్పింది కానీ నేను ఎప్పుడూ మొత్తం వేయలేదు. తెలిసిన అంకెలే నయమని ఆ ఐదు రోజులవి తెరిచి, తెర మీది అంకెలను చూస్తూ ఒక్కొక్క చుక్కా పెట్టుకుంటూ పోయాను. రెండు రోజులు బారు చక్కగా పోయింది. మూడో రోజు మధ్యలో పెన్ను కిందికి దిగింది. ఇంకా కిందికి దిగింది. పన్నెండు చుక్కల తర్వాత మళ్లీ పైకి ఎక్కింది. ఆమె చూపించిన రెండు గుంతల్లాంటిదే మూడోది, నా చేత్తోనే గీశాను. ఆ పన్నెండు అంకెల పక్కన ఏ గుర్తూ లేదు. నోటుబుక్కు తీసి చూశాను. గీతకొకటి, పేజీకి ఇరవై నాలుగు చొప్పున రెండు వందల నలభై అంకెలకు పది పేజీలు నిండాలి. పదో పేజీ సగం ఖాళీగా ఉంది. కండ్లున్న ఎవరైనా ఆ ఖాళీ చూసి అడిగేవాళ్లు. ఆమెకు కనబడలేదు, నాకు కనబడినా తెలియలేదు. వందల ఏండ్లు నడిచి వచ్చిన వెలుతురు మా ఇంటిదాకా వచ్చి నా పెన్ను దగ్గర ఆగిపోయింది.

నా బిడ్డను పిలిపించుకుని ఇంగ్లీషులో ఉత్తరం రాయించాను. తప్పు టీచరమ్మది కాదు, నాది అని. రెండు నెలలకు జవాబు వచ్చింది. బిడ్డ చదివి చెప్పింది. మర్యాదగానే రాశారు. మూడోది చూశామన్నారు. కానీ రెండు చుక్కలు ఒకదానికొకటి అడ్డం వచ్చినా ఇట్లాగే ఉంటుందట; గ్రహమని తేల్చాలంటే పెద్ద దుర్భిణితో చూడాలట. ఆ దుర్భిణుల వరుసలో ముందు చాలా చుక్కలున్నాయట. దీన్ని కనుక్కున్న మనిషే మాట వెనక్కి తీసుకున్నందున ఇది వరుసలో అడుగుకు పోయిందట. అంకెలు పంపే పాత దుర్భిణి ఇప్పుడు వేరే వైపు తిరిగిందట. జాబితాలో పక్కన మునుపటి మాటే ఉంది. నిర్ధారణ కాలేదు. దాని కింద ఇంకొక వాక్యం, కనుక్కున్నవారు ఉపసంహరించుకున్నారు అని. ఆ వాక్యం నేను కొట్టిన ఉత్తరం నుంచి పుట్టిందే.

సాయవ్వకు చెప్పాను. ఆమె చాలాసేపు ఆకులు కత్తిరించి, "ఆమెకు తెల్వకుంటనే పోయింది గద అక్కా. తెలిస్తె నిన్ను ఏమన్న అనెటామెనా," అంది. అనదు. అదే నాకు తక్కువైంది. ఏమన్నా అంటే బాగుండేది. ఆమె లేదనుకునే పోయింది. లేదని చెప్పింది నేను. ఆ మాటను వెనక్కి తీసుకుని చెప్పడానికి ఆ మనిషి లేదు.

బీడీలు చేయక తప్పదు, సన్నవి ఏరకా తప్పదు. ఏరిన ప్రతిసారీ వేళ్ల మధ్య కొంచెం ఆగుతాను. ఏడు నెలలకోసారి, మళ్లీ అడ్డం వచ్చే రోజు లెక్క కట్టి క్యాలెండరు మీద గ అని రాసుకుంటాను. ఆ రోజు ఆ చుక్క వైపు ఎవరూ చూడరని తెలుసు. నేను చూసినా కనబడదు. నోటుబుక్కు తీసి ఐదో పేజీ దగ్గర కూర్చుంటాను. ఆ పన్నెండింటిని ఉండాల్సిన చోట రాయాలని పెన్ను పట్టుకుంటాను. పదివేల రెండు కింద తొమ్మిదివేల తొమ్మిది వందల తొంభై ఎనిమిది, ఒక గీతకు పక్క గీత. నా చేత్తో అంత దగ్గరగా కలిపాను. ఒక్క అంకెకు కూడా అక్కడ చోటు వదల్లేదు.